బండి మనది, ఇంజను పరులది

వేగావతీ తీరమున నున్న సాలూరులో, లారీలకు బాడీ కట్టు షెడ్డులయందు ఒక పూట గడిపినవానికి ఆ వృత్తిలోని మర్మమొకటి బోధపడును. దూరపు కర్మాగారమునుండి ఇంజనుతో గూడిన ఒట్టి చాసిస్ వచ్చి నిలుచును. దానిపై వడ్రంగి చెక్కలు కూర్చి, కమ్మరి ఇనుపపట్టీలు బిగించి, రంగులవాడు పువ్వులు దిద్ది, దానిని లారీగా జేయుదురు. ఎంత సొగసు సమకూర్చినను, ఆ బండి ఊరి పైనున్న సుంకి ఘాటు నెక్కుట ఇంజను దమ్మునుబట్టియే గాని రంగులనుబట్టి గాదు. 1908లో బొబ్బిలినుండి వచ్చిన రైలు ఇచ్చటనే ఆగిపోయినందున, పైనున్న జయపురసీమకు పోవలసినవారికి ఆ ఘాటురోడ్డే శరణ్యమయ్యెను.

ఈ మాట విమానములకును వర్తించునని చూపు కథ యొకటి బెంగళూరున నడచినది. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులకు ఫాకె-వుల్ఫ్ 190 విమానమును రూపొందించిన కర్ట్ టాంక్, 1956లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థకు వచ్చి, మనవారితో గలిసి ధ్వనివేగమునకు రెట్టింపు వేగము గల యుద్ధవిమానమును సంకల్పించెను. దానికి మరుత్ అని పేరిడిరి. మొదట అదే పరిమాణమున, ఇంజను లేకుండ, కర్రతో నొక విమానమును జేసి, 1959 ఏప్రిలులో డకోటా విమానము వెనుక కట్టి ఆకాశమున కెత్తి విడిచిరి. అది 78 మార్లు ఎగిరి, తుదకొకనాడు నేలకు దిగునప్పుడు ముందుచక్రము బయటకు రాక మిక్కిలి దెబ్బతినెను. ఇంజను గల విమానమైనచో మరల పైకెగసి ఇంకొక చుట్టు తిరిగి రాగలదు. దీనికి ఆ భాగ్యము లేదు.

1961 జూన్ 17న పరీక్షాచోదకుడు సురంజన్ దాస్ అసలు మరుత్‌ను తొలిసారి నడిపెను. రూపమున అది రెట్టింపు వేగమునకు దగినదే. అమరిన ఇంజనులు మాత్రము రెండు చిన్న బ్రిటిషు ఆర్ఫియస్‌లు. బలవత్తరమైన ఆర్ఫియస్ 12 నిర్మాణమునకు ధనమిచ్చుటకు బ్రిటిషువారు వెనుదీయగా, మన ప్రభుత్వమును ఆ భారమును తలకెత్తుకొనలేదు. ఇంటికి గోడలు లేపి పైకప్పుదగ్గర పిసినితనము చూపినట్లయ్యెనని నా యభిప్రాయము. పిమ్మట ఈజిప్టులో ఆస్ట్రియా దేశీయుడైన బ్రాండ్నర్ చేయుచుండిన ఇంజనుపై ఆశ పెట్టుకొనిరి. మరుత్ నొకదానిని ఆ దేశమునకు బంపి 1967లో ఎగురవేసిరి గూడ. ఆ యేటనే అచ్చట యుద్ధము వచ్చెను, 1969 నాటికి ఆ ప్రయత్నమును అంతరించెను. ఇక మిగిలినది ఉన్న ఆర్ఫియస్‌కే వెనుకభాగమున మరల ఇంధనము మండించి బలము పెంచుట. అట్లు మార్చిన విమానమును పరీక్షింపబోయి, 1970 జనవరి 10న, నేల విడిచిన కొద్దిసేపటికే అది కూలగా, తొలినాడు దానిని ఎగురవేసిన సురంజన్ దాసే మరణించెను. బెంగళూరులో ఆయన పేర నొక వీథి యున్నది.

ఇంతలో 1962లో రష్యావారితో మిగ్ 21 విమానములకై ఒడంబడిక కుదిరెను. దాని శరీరము నాసిక్‌లోను, ఎలక్ట్రానిక్ సామగ్రి మన హైదరాబాదు బాలానగరులోను, ఇంజను సుంకి ఘాటుకు పైన, పొట్టంగి దాటిన పిమ్మట వచ్చు సునాబేడలోను చేయుటకు ఏర్పాటయ్యెను. అడవికొండల నడుమ 1964లో ఆ కర్మాగారము వెలసినది. మరుత్ దేహము మనది, ఇంజను పరులది; ఇచ్చట ఇంజను మన కొండలలోనే తయారైనను, దాని నమూనాయు, అది అమరిన దేహపు నమూనాయు పరులవే. 147 మరుత్‌లు నిర్మింపబడి, 1971 యుద్ధమున లోంగేవాలా యొద్ద శత్రువుల టాంకులపై దాడి చేసి, సాటి విమానములకంటె వేగమున వెనుకబడియే 1990 నాటికి సేవనుండి తప్పుకొనినవి.

సునాబేడకు పోవు లారీలు నేటికిని సాలూరు మీదుగ పోవును. ఘాటు మొదట బండి నాపి, క్లీనరు రేడియేటరులో నీళ్లు పోయుచుండగా, డ్రైవరు ఇంజను చప్పుడు నొకసారి చెవియొగ్గి విని, ఫస్టు గేరు వేయును.