మహమ్మారులు, మధుమేహం: నూరేళ్ల పాఠం

మహమ్మారుల చరిత్ర చదివేటప్పుడు ఎందరు పోయారన్న లెక్క దగ్గరే మనం ఆగిపోతాం. మిలటరీ ఆస్పత్రుల్లో పని చేసినవాణ్ణి కనుక నాకు ఇంకో ప్రశ్న ముఖ్యం అనిపిస్తుంది. ఒకే బ్యారక్‌లో ఇద్దరికి ఒకే జ్వరం తగులుతుంది. ఒకడు వారానికి లేచి తిరుగుతాడు, ఇంకొకడు ఆక్సిజన్ మీదికి వెళ్తాడు. ఎందుకని? కారణాలు చాలా ఉన్నా, ఒక ముఖ్యమైన కారణం తిన్న తిండిని శక్తిగా మార్చుకొనే పద్ధతిలో, అంటే జీవక్రియలో ఉంది. గత నూరేళ్ల చరిత్ర చూస్తే ఈ సంగతి మెల్లమెల్లగా బయటపడింది.

1918 జూన్‌లో బొంబాయి రేవులో డ్యూటీ చేసే పోలీసు సిపాయిలు జ్వరంతో ఆస్పత్రిలో చేరారు. ఆ ఇన్‌ఫ్లూయెంజా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రెండోసారి విజృంభించింది. దేశంలో కోటి ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల మంది దాకా చనిపోయారని అంచనాలు. అందులో ఇరవై, నలభై ఏళ్ల మధ్య వయసువాళ్లే ఎక్కువ. ఆ ఏడు వానలు లేవు, పంటలు లేవు. యుద్ధం వల్ల ధరలు మండిపోయాయి. జ్వరం వచ్చేసరికే జనం ఆకలితో నీరసించి ఉన్నారు. ఇక చక్కెర జబ్బుకు అప్పటికి మందే లేదు. ఆ జబ్బు ముదిరినవాళ్లు మామూలు జ్వరానికే స్పృహ తప్పి పోయేవారు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనుగొన్నారు. 1922 జనవరిలో మొదటిసారి ఒక రోగికి ఇచ్చారు. అప్పటినుంచే మధుమేహులు ఎక్కువ కాలం బతకడం మొదలైంది.

1957లో ఏషియన్ ఫ్లూ వచ్చింది. మే నెలలో సింగపూర్ నుంచి వచ్చిన ఓడ ద్వారా మద్రాసులో దిగి దేశమంతా పాకింది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో పాటు మధుమేహం ఉన్నవాళ్లకూ ఫ్లూ ప్రమాదకరమని డాక్టర్లకు అనుభవంలోకి వచ్చింది. 1960లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఏటా ఫ్లూ టీకా ఎవరికి వేయాలో చెప్పినప్పుడు, దీర్ఘకాలిక జీవక్రియ లోపాలు ఉన్నవాళ్లను కూడా చేర్చింది.

2009లో స్వైన్ ఫ్లూ. మన దేశంలో మొదటి కేసు ఆ మే నెలలో మన హైదరాబాద్‌లోనే, విదేశం నుంచి వచ్చిన ప్రయాణికుడిలో తేలింది. స్థూలకాయం ప్రమాదమని స్పష్టంగా తెలిసింది ఈసారే. పలు దేశాల్లో ఐసీయూలో చేరినవాళ్లలో బాగా లావుగా ఉన్నవాళ్లు ఎక్కువగా కనిపించారు.

2020లో కోవిడ్ వచ్చాక సందేహమే మిగల్లేదు. ఫిబ్రవరిలో చైనా ప్రకటించిన 44,672 మంది రోగుల లెక్కలో మొత్తం మరణాలు నూటికి 2.3 అయితే, మధుమేహుల్లో 7.3. 2021 వేసవిలో మన దేశంలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు దాని బారిన పడినవాళ్లలో ఎక్కువమంది చక్కెర జబ్బున్నవాళ్లే. కోవిడ్‌లో ప్రాణం కాపాడిన స్టెరాయిడ్లే రక్తంలో చక్కెర పెంచేవి కూడా. కళ్లు, దవడ ఎముకలు పోగొట్టుకున్నవాళ్ల సంగతి మనందరికీ తెలిసిందే.

ఇది ఎలా జరుగుతుందో మన భాషలో చెప్తాను. తెల్ల రక్తకణాలు మన పెట్రోలింగ్ పార్టీ లాంటివి. రక్తంలో చక్కెర ఎక్కువైతే అవి మందగిస్తాయి, శత్రువు ఉన్న చోటికి ఆలస్యంగా చేరతాయి. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఊరికే ఉండదు. వాపు పుట్టించే రసాయనాలను ఎప్పుడూ వదులుతూనే ఉంటుంది. అంటే శత్రువు రాకముందే యూనిట్ రాత్రింబవళ్లు స్టాండ్-టులో ఉన్నట్టు. అసలు దాడి జరిగినప్పుడు అలసిపోయి గురి లేకుండా కాలుస్తుంది, ఆ తూటాలు మన ఊపిరితిత్తులకే తగులుతాయి. పైగా పడుకున్నప్పుడు పెద్ద పొట్ట ఊపిరితిత్తులను కింద నుంచి నొక్కుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. జ్వరమే చక్కెరను పెంచుతుంది. పెరిగిన చక్కెర జ్వరాన్ని ముదరబెడుతుంది.

1918లో ఆకలి చేసిన పని ఈ రోజుల్లో అతిగా తినడం, కదలకపోవడం చేస్తున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహులు దాదాపు 10.1 కోట్లు. హద్దు మీద ఉన్నవాళ్లు మరో 13.6 కోట్లు.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే పీటీ, ఏటా మెడికల్ తప్పవు. బరువు పెరిగితే కేటగిరీ పడిపోతుందన్న భయమూ ఉంటుంది. పెన్షన్ వచ్చాక అడిగేవాడు ఉండడు. తిండి మాత్రం లంగర్‌లో తిన్నంతే తింటాం. "నేను ఫౌజీని, నాకేమవుతుంది" అనే మాట మన మీటింగుల్లో ఎన్నోసార్లు విన్నాను. ముప్పై ఏళ్లనాటి పరుగు ఇవాళ్టి చక్కెరను తగ్గించదు కదా.

2003 నుంచి మనకు ఈసీహెచ్ఎస్ ఉంది. కార్డు బీరువాలో పెట్టుకోకుండా మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. భార్యకూ చేయించండి. ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి. జ్వరం వచ్చినప్పుడు తిండి సయించడం లేదని ఇన్సులిన్‌ను, మాత్రలను మీ అంతట మీరు ఆపెయ్యకండి. చక్కెర చూసుకుంటూ డాక్టరు చెప్పినట్టు మార్చుకోండి.

తర్వాతి మహమ్మారి ఏ రేవులో దిగుతుందో ఎవరం చెప్పలేం. మోర్చా తవ్వుకోవాల్సింది మాత్రం శాంతికాలంలోనే. ఆ సంగతి మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

జై హింద్.