ఆటల తిరునాళ్ళు

ఆట యనునది ఆడువానితో మాత్రమే పూర్తి కాదు. ప్రక్కన నిలిచి చూచువాడు, ఎత్తు తప్పినప్పుడు నాలుక కఱచుకొనువాడు, ఓడినవానిని ఎగతాళి చేసి గెలిచినవానిని భుజముపై కెత్తుకొనువాడు, వీరందఱును చేరిననాడే అది వేడుక యగును. లేనిచో వట్టి కాలక్షేపము. ఈ సంగతి ఎఱిగినవారు గనుకనే మన పూర్వులు ఆటకు గుడి ముంగిటి మండపమును, ఊరి నడుమ రచ్చబండను, ఏటికొక తిరునాళ్ళను కేటాయించిరి. నేడు మహానగరములలో జరుగుచున్న వీడియో గేముల ప్రదర్శనలను చూచి, ఇది సముద్రముల కావల పుట్టి నిన్నమొన్న మన గడప త్రొక్కిన వింత యని తలంచువారు పెక్కురు కలరు. పడమటి ప్రకాశమునందలి వెలిగండ్ల వంటి మెట్టసీమ గ్రామమున పుట్టి పెరిగినవానికి మాత్రము అందలి జనసమ్మర్దమును, దీపముల ధగధగలును, చెవులు చిల్లులు పడు కేకలును ఏమంత కొత్తగా తోపవు.

ఇద్దఱు మిత్రులు ఒక దినమంతయు వేడుకలు చూచుచు తిరుగుట యను ఇతివృత్తమునకు మన సాహిత్యమున ఇంచుమించు ఆఱువందల యేండ్ల చరిత్ర కలదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమును శ్రీనాథుని కృతి యని కొందఱు పండితులు వాదించిరి గాని, దానికి రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము మాతృక యను విషయమున వివాదము లేదు. మానవల్లి రామకృష్ణకవి 1909లో దానిని వెలుగులోనికి తేగా, వేటూరి ప్రభాకరశాస్త్రి విపులమైన పీఠికతో పరిష్కరించిరి. అందలి గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీధులలో తిరుగుచు కోడిపందెములు, పొట్టేళ్ళ పోరులు, పల్నాటి వీరుల కథాగానము చూచెదరు, పూటకూటింట భుజించెదరు, చూచిన ప్రతిదానిని గూర్చియు ఒకరితో నొకరు వ్యాఖ్యానించుకొందురు. వారి పని ఆడుట కంటె చూచుట, చూచుట కంటె మాటాడుకొనుట. సురవరము ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కాకతీయుల కాలపు జనజీవితమును చిత్రించుటకు ఈ చిన్న పొత్తమునే ప్రధానమైన ఆధారములలో ఒకటిగా గైకొనిరి. ఆ కవి పేరులోని వినుకొండ మన సీమకు పరాయి ఊరు కాదు. గుంటూరు నుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గమున వినుకొండ, దొనకొండ, మార్కాపురము, కంభము, గిద్దలూరు ఒకే వరుసలోని స్టేషనులు. 

ఈ పడమటి ప్రకాశము పాలనలో ముక్కలుగా పెరిగినది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడు వఱకు కనిగిరి ప్రాంతము నెల్లూరు జిల్లాలోను, మార్కాపురము గిద్దలూరులు కర్నూలు జిల్లాలోను ఉండెను; 1972లో జిల్లాకు ప్రకాశమను పేరు వచ్చినది. పాలించు కచ్చేరీలు వేఱైనను ప్రజలను కలిపినవి తిరునాళ్ళే. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయములు గల భైరవకోనకు గాని, మార్కాపురపు చెన్నకేశవుని కడకు గాని, త్రిపురాంతకమునకు గాని పోవువాడు దేవుని చూచుటకే పోయెనని చెప్పుట సగము సత్యము. దర్శనమైన పిమ్మట రంగులరాట్నము, రింగులాట, బుడగలను కొట్టు తుపాకి, బండలాగుడు పందెములు ఉండనే ఉండెను. ఒంగోలు జాతి యెడ్లు గుండు బండకు కట్టబడి, నియమిత కాలములో ఎన్ని అడుగులు లాగునో కొలుచు ఆ పందెమున, గడియారము పట్టినవాడు నిమిషములు పిలుచుచుండగా గిత్తల యజమాని కంటె కట్టపై కూర్చున్న జనమే ఎక్కువగా చెమటోడ్చును. శివరాత్రి నాటి విద్యుత్ప్రభల సంగతి చెప్పనే అక్కఱలేదు. విద్యుద్దీపము ఇంటింటికి రాకముందే, మినుకు మినుకుమనుచు రంగులు మార్చు ఒక వినోదముగా పల్లెకు పరిచితమైనది ఆ ప్రభల మీదనే.

యంత్రము లేని యాటలలోను శాస్త్రము తక్కువ లేదు. పులిజూదమునే చూడుడు: ఇరువది మూడు స్థానములు గల త్రికోణపు గీతలలో మూడు పులులు, పదునైదు మేకలు. పులి దుమికి మేకను చంపును. మేకకు చంపు శక్తి లేదు, కూడి నిలిచి పులికి కదలు త్రోవ లేకుండ జేయుటయే దాని జయము. రెండు పక్షముల బలము వేఱు, నియమము వేఱు, గెలుపు వేఱు. అయినను ఆట సమతూకముగా నడచును. నేటి గేముల నిర్మాతలు ఏండ్ల తరబడి సాధించు తూకమును పేరు తెలియని మన పెద్దలు నేలపై బొగ్గుతో గీసి చూపిరి. హంపీలో రాతిబండలపై ఇట్టి గీతలు ఉలితో చెక్కినవి నేటికిని కలవు. ఇక మార్కాపురము దేశమందలి బడిపిల్లలకు పలకలు పంపిన ఊరు. ఆ పలకపై అయ్యవారు చెప్పిన లెక్కలు ఎన్ని పడినవో గాని, అయ్యవారు వెనుదిరిగినప్పుడు నాలుగు గీతలు గీసి తొమ్మిది గళ్ళలో సున్నలును ఇంటూలును వేసుకొన్న ఆటలకు లెక్కలేదు.

చిత్రమేమనగా, విద్యుద్యంత్రము మనుష్యునితో తొలినాళ్ళలో ఆడిన ఆటలలో ఒకటి ఆ తొమ్మిది గళ్ళ ఆటయే. 1950లో కెనడా దేశమున టొరాంటో నగరపు జాతీయ ప్రదర్శనలో జోసెఫ్ కేట్స్ అను ఇంజనీరు నాలుగు మీటర్ల ఎత్తుగల యంత్రమును నిలిపి, వచ్చినవారినెల్ల దానితో ఆడుమని పిలిచెను. ప్రదర్శన ముగియగానే దానిని విప్పివేసిరి. మఱుసటి యేడు బ్రిటనులో జరిగిన మహోత్సవమున ఫెరాంటి సంస్థవారు నిమ్‌రాడ్ అను గణకయంత్రమును తెచ్చి, కుప్పలలోని వస్తువులను వంతులవారీగా తీయు నిమ్ అను ఆటను దానిచే ఆడించిరి. 1958 అక్టోబరు 18న అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనాలయమున సందర్శకుల దినము జరిగినది. కదలని పటములను చూచి జనము విసుగు చెందుచున్నారని ఎంచి, విలియం హిగిన్‌బాతమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆసిలోస్కోపు తెరపై ఇద్దఱాడు టెన్నిసును సృజించెను. ఐదంగుళముల ఆ గుండ్రని తెర ముందు వందలకొలది జనము వరుస కట్టిరి. ఈ మూడును అంగడి సరకులు గావు, ఇంటి సామానులు గావు. మూడును ప్రదర్శనలలో, గుంపు నడుమ పుట్టినవి. వీడియో గేము తన జన్మచేత తిరునాళ్ళ వస్తువు. 1972లో పాంగ్, 1978లో స్పేస్ ఇన్వేడర్స్, 1980లో పాక్‌మాన్ దానిని వ్యాపారముగా మార్చినవి; 1983లో జపానులో వెలువడిన ఫామికామ్ వంటి యంత్రములు దానిని ఇంటిలోని టీవీకి కట్టివేసినవి.

మన సీమకు అది ఆ యంత్రపు చవక నకళ్ళ రూపమున 1990 దశకములో వచ్చినది. కొనగల ఇండ్లు కొన్నియే గనుక, చిన్న పట్టణములలో రెండు టీవీలు, నాలుగు బల్లపీటలు గల వీడియో గేముల అంగళ్ళు వెలసినవి. ఇంటికి పోయిన ఆట మఱల వీధికి వచ్చినది. నా మిత్రుడొకడు కనిగిరిలో అట్టి అంగడి నడపినవాడు. అతని పద్దు పుస్తకము ఒక మార్కాపురపు పలక. దానిపై బలపముతో పిల్లవాని పేరు, కూర్చున్న వేళ వ్రాసెడివాడు. కరెంటు పోయినచో మిగిలిన నిమిషములు పేరు ప్రక్కన బాకీగా నిలిచెడివి. క్యాసెట్టు మొరాయించినప్పుడు దాని నోట ఒక ఊపు ఊది మఱల దిగ్గొట్టుట అచటి ఏకైక వైద్యము. అందఱును కోరు ఆట కాంట్రా. ఇద్దఱు జంటగా తుపాకులు పట్టి పోవు ఆ యాటలో జలపాతపు మజిలీ యొకటి కలదు: అందు ఒకడు తొందరపడి మీదికెక్కిపోయినచో తెరయు వానితోనే పైకి జరుగును, వెనుకబడిన జతగాడు తెర అడుగున పడి చచ్చును. ఆ మజిలీలో చెడిన స్నేహములు, కుదిరిన స్నేహములు ఎన్నియో ఆ అంగడి గోడలకు తెలియును. ఆడువారిద్దఱైనను, వెనుక నిలిచి దారి చెప్పువారు పదిమంది. ఆ పదిమంది వద్ద రూపాయి తీసుకొనవలెనని నా మిత్రునకు ఎన్నడును తోచలేదు.

పిదప కంప్యూటరు వచ్చినది, ఇంటర్నెట్టు సెంటర్లు వచ్చినవి, 2016లో జియో రాకతో చవకైన డేటా అఱచేతిలోనికి దిగినది. ఆటకు అంగడితో పని తీరినది. పబ్‌జీని 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వము నిషేధించునాటికి పల్లెలలోని వేపచెట్ల క్రిందను నలుగురు కుఱ్ఱవాండ్రు నాలుగు ఫోన్లపై తలలు వంచుకొని, ఎక్కడివారితోనో జట్టు కట్టి ఆడుట పరిపాటి యైనది. వారు ఒంటరివారని అనుట న్యాయము కాదు; కాని ఆ యాటను త్రోవన పోవు ముసలివాడు నిలిచి చూడలేడు. చిన్న తెర చూచువానిని వెలివేసినది. వేల యేండ్లుగా ఆటను అంటిపెట్టుకొనియున్న ప్రేక్షకుడు దానికి దూరమగుట చరిత్రలో చిన్న మార్పు కాదు.

ఈ కొఱతను పెద్ద ప్రదర్శనలు కొంత తీర్చినవి. లాస్ ఏంజిలిస్‌లో 1995 మేలో ఆరంభమైన ఈ3, 1996 నుండి టోక్యో గేమ్ షో, 2009 నుండి జర్మనీలోని కొలోనులో జరుగుచున్న గేమ్స్‌కామ్ ఈ కోవలోనివి. వీనిలో ఈ3 కాలము తీఱి, 2023 డిసెంబరులో శాశ్వతముగా ముగిసినట్లు ప్రకటింపబడినది. మన దేశమున గేముల నిర్మాతల సమావేశము నాస్కామ్ పేర 2009లో మొదలై, ఇప్పుడు ఐజీడీసీ అను పేర పిలువబడుచున్నది; 2023, 2024 సంవత్సరముల నవంబరు నెలలలో అది హైదరాబాదులోని హెచ్.ఐ.సి.సి. భవనమున జరిగినది. నా మిత్రుని మేనల్లుడు గేములకు బొమ్మలు గీయు పనిలో ఉన్నవాడు గనుక, అతని పుణ్యమా యని మాకును ప్రవేశము దొరికినది. రాత్రి బస్సు దిగి, టిఫిను చేసి, మెడలో పేర్ల బిళ్ళలు తగిలించుకొని లోపల అడుగిడితిమి. నా మిత్రుడు నలువైపుల చూచి, "ఏందబ్బా ఇది, ఎడ్లు లేవు గానీ మిగతాదంతా మన తిరునాళ్ళే గదా!" అనెను.

పెద్ద సంస్థల డేరాలను దాటి, చిన్న నిర్మాతలకిచ్చిన బల్లల వరుసలో మేము చాలసేపు నిలిచితిమి. అచటి యువకుడొకడు తన ఆటను వచ్చినవారిచే ఆడించుచు, తెర వైపు కన్నెత్తి చూడక, ఆడువాని బొటనవ్రేళ్ళనే గమనించుచు చిన్న పుస్తకమున ఏమో గీకుచుండెను. ఏమని అడుగగా, ఎక్కడ త్రోవ తెలియక ఆగుచున్నారో, ఎక్కడ విసుగుతో బొత్తామును గట్టిగా నొక్కుచున్నారో వ్రాసుకొనుచున్నానని చెప్పెను. నా మిత్రుడు మాటలేక కొంతసేపు నిలిచి, పిదప నాతో, "మన అంగట్లో పిల్లకాయలు ఏ గోడకాడ చచ్చేదీ, ఏడ లేచిపొయ్యేదీ నాకు బాగా ఎరుకేరా. అడిగినోడేడీ?" అనెను. ఎన్నియో సాయంత్రములు వందలకొలది పిల్లల ఆటను వెనుక నుండి చూచినవాని జ్ఞానమది. జపానులో ఆ యాటను అల్లినవారికి అది అమూల్యము. కాని కనిగిరి నుండి వారికి చేరు త్రోవ లేదు, నకలు క్యాసెట్టుకు చిరునామా అసలే లేదు.

ఇట్టి ప్రదర్శనల విశేషము ఇందే కలదని నాకు తోచినది. జనము కూడుట, వెలుగులు, పోటీలు మన తిరునాళ్ళకు ఎన్నడో తెలిసినవి. కొయ్యబొమ్మ అమ్మువాడు దానిని పిల్లవాడు ఎట్లు త్రిప్పునో కన్నులార చూచి, మరుసటి యేటికి చక్రమును మార్చుకొని వచ్చెడివాడు. కర్మాగారముల యుగమున చేయువానికిని ఆడువానికిని నడుమ తెగిన ఆ చూపు, ఈ బల్లల వరుసలో మఱల కలిసినది. ఆడువాడు, చూచువాడు, చేయువాడు ఒక్క కప్పు క్రింద నిలుచుట యంత్రక్రీడల చరిత్రలో అరుదైన సంగతి.

అయినను అది ఇంకను సగము తిరునాళ్ళే. భైరవకోనలో రంగులరాట్నమెక్కుటకు రుసుము కలదు గాని, దాని ప్రక్కన నిలిచి చూచుటకు లేదు. అవ్వ మనుమని వ్రేలు పట్టుకొని ఏ బిళ్ళయు లేకుండ వచ్చును. ఇచట ద్వారమున బిళ్ళ లేనివానికి చూపే లేదు. లోపల జరుగు సంభాషణ మిక్కిలిగా ఆంగ్లముననే సాగును. మేము చూచిన బల్లలలో తెలుగున పలికిన ఆట మా కంటబడలేదు. పులిజూదమును కల్పించిన జాతికి ఆటల అల్లిక చేతకాదని ఎవరును అనజాలరు. చేయవలసినది చిన్నపని: ఆ బల్లలలో నాలుగింటినైనను ఏటికొకసారి కనిగిరికో మార్కాపురమునకో తెచ్చి, తిరునాళ్ళలో బండలాగుడు పందెముల ప్రక్కన వేయుట. చూచువారు వేలకొలది దొరకుదురు, తప్పులు పట్టువారు అంతకు మించి దొరకుదురు. చేయువానికి అంతకంటె మంచి పరీక్ష ఏ నగరమును పెట్టజాలదు.