నీటి పేరిట వెలసిన జీవో

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తింది. వేల ప్రాణాలు పోయాయి. వరదను నగరానికి ఎగువనే నిలపాలని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించారు. ఆ మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. వరదను ఆపడానికి కట్టిన జలాశయాలే క్రమంగా నగరం దాహమూ తీర్చాయి.

తర్వాత నగరమే వాటి వైపు పెరుగుతూ వచ్చింది. నీళ్లు పాడవకుండా 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చింది. నిండు మట్టానికి పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్యం తెచ్చే పరిశ్రమలకు, పెద్ద హోటళ్లకు, నివాస కాలనీలకు తావు లేదంది. ఊళ్లలో లేఅవుట్ వేస్తే 60 శాతం నేల రోడ్లకు, ఖాళీ జాగాలకు వదలాలి. కట్టే మొత్తం విస్తీర్ణం స్థలంలో సగం దాటకూడదు.

ఈ అంకెల బరువు ఆ పరిధిలోని మొయినాబాద్ రైతు లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ఎకరం 4,840 గజాలు. అందులో ప్లాట్లకు మిగిలేది 1,936 గజాలే. రెండు వందల గజాలు కొన్నవాళ్లు అంతస్తులన్నీ కలిపి 900 చదరపు అడుగులకు మించి కట్టలేరు. నగరంలోనేమో 2006 నిబంధనలు స్థలానికీ కట్టే విస్తీర్ణానికీ మధ్య ఇలాంటి నిష్పత్తినే ఎత్తివేసి, భవనం ఎత్తును రోడ్డు వెడల్పుతో ముడిపెట్టాయి. పక్కపక్క నేలలే అయినా, ఒకదాని మీద అంతస్తులు లేచాయి, రెండోది పొలంగానే మిగిలింది. తమ భూమికి ధర రాకుండా చేసింది జీవోయేనన్న రైతుల గోడులో న్యాయం లేకపోలేదు.

కోర్టులు మాత్రం నీటి పక్షానే నిలిచాయి. పెద్దషాపూర్‌లో ఒక నూనె కర్మాగారానికి ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపును 2000లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ఆ తర్వాత కృష్ణా, గోదావరి జలాలు నగరానికి చేరాయి. నగర నీటి అవసరంలో జంట జలాశయాల వాటా నామమాత్రమైందన్న వాదనతో 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవో ఆ ఆంక్షలను తొలగించింది. ఆ వాదన లెక్కగట్టింది తాగునీటినే, వరదను కాదు. 2020 అక్టోబరు వానలకు పదేళ్ల తర్వాత హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది. 1908 నాటి అవసరం ఇంకా తీరిపోలేదని ఆ నీళ్లే చెప్పాయి. ఇంటి అనుమతిని తేల్చే నిబంధన ఏ భయంలోంచి పుట్టిందో మరిచిపోతే, దాన్ని ఎత్తివేయడం తేలికే.