అవ్వ క్యాసెట్టు, డాల్బీ బటను

పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటున్న ఇండ్లు మనలో చానా ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో కంప్రెసర్, లిమిటర్, గేట్, ఎక్స్‌పాండర్ అనే నాలుగు పేర్లు కనిపిస్తాయి. ఇవి కంప్యూటర్‌తో పుట్టినవి కావు, రేడియో, టెలిఫోన్ కాలం నుంచి వచ్చినవి.

మొదట్లో ఈ పని మనిషి చెయ్యే చేసేది. రేడియో స్టేషన్‌లో ఇంజనీరు నాబ్ పట్టుకొని కూర్చొని, గొంతు హెచ్చితే తగ్గించి, తగ్గితే పెంచేవాడు. హద్దు దాటితే ట్రాన్స్‌మిటర్‌లో శబ్దం చీలిపోయేది. 1930లలో లిమిటర్లు వచ్చి ఆ హద్దుకు కాపలా కాసినాయి. కంప్రెసర్ ఇంకొంచెం మెత్తన. 4:1 పెడితే, హద్దు మీద 4 డెసిబెల్లు ఎక్కిన శబ్దం ఒక్క డెసిబెల్‌గానే బయటికి వస్తుంది.

1927లో న్యూయార్క్, లండన్‌ల మధ్య రేడియో టెలిఫోన్ మొదలైంది. మెల్లగా మాట్లాడేవాళ్ల మాట గరగరలో మునిగిపోయేది. 1930లలో బెల్ ఇంజనీర్లు దానికి ఒక ఉపాయం చేసినారు. పంపే వైపు మెల్లని మాటను పెంచడం, అందుకునే వైపు మళ్లీ అంతే తగ్గించడం. తగ్గించేటప్పుడు దారిలో చేరిన గరగర కూడా తగ్గుతుంది. కంప్రెసర్, ఎక్స్‌పాండర్ రెండు పేర్లూ కలిపి దీన్ని కంపాండర్ అన్నారు.

క్యాసెట్టు మీది డాల్బీ గుర్తు ఈ వంశానిదే. రే డాల్బీ అమెరికా మనిషి. 1963 నుంచి రెండేండ్లు యునెస్కో సలహాదారుగా మన చండీగఢ్‌లోనే పనిచేసి, 1965లో లండన్‌లో సొంత కంపెనీ పెట్టినాడు. ఇండ్లలో వాడే డాల్బీ బి 1968లో వచ్చింది. రికార్డు చేసేటప్పుడు మెల్లని సన్న శబ్దాలను పెంచి, వినిపించేటప్పుడు తగ్గిస్తుంది, దాంతోపాటు టేపు బుస తగ్గుతుంది. డాల్బీ లేకుండా రికార్డైన క్యాసెట్టును ఆ బటను నొక్కి వింటే, స, శ అక్షరాలు మొద్దుబారుతాయి. ఎక్కించే ముందు రెండు విధాలా విని చూడండి.

మా క్యాసెట్టులో మా అవ్వ, చిత్తూరు పక్క నుంచి కోలారు బంగారు గనుల పనికి మావాళ్లు వచ్చిన కథ చెప్తుంది. వెనక ఫ్యాను తిరుగుతుంటుంది. గేట్ అంటే తలుపే కదా, హద్దు కింద శబ్దం పడగానే మూసుకుంటుంది. మేము పెట్టి చూస్తే మాటల మధ్య ఫ్యాను పోయింది. మాట్లాడేటప్పుడు తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి అప్పుడు మాత్రం పోలేదు. అసలు చిక్కు వేరే. అవ్వ మాట చివర్లో గొంతు దించుతుంది. "వస్తిమి" అన్నది "వస్తి" అని వినబడింది. మా తెలుగులో వస్తిమి అంటే మేమంతా వచ్చినామని, వస్తి అంటే నేనొక్కదాన్నే వచ్చినానని. కన్నడ మీడియంలో చదివిన మాకు ఈ రూపాలు బడిలో దొరికినవి కావు, అవ్వ నోటి నుంచే నేర్చుకున్నాము.

అందుకే గేట్ తీసేసి, నిదానంగా తగ్గించే ఎక్స్‌పాండర్‌ను 2:1తో పెట్టినాము. ఫ్యాను కొంచెం మిగిలింది. ఏమీ ముట్టని కాపీ ఒకటి విడిగా హార్డ్ డిస్క్‌లో ఉంది, కావలసిన చుట్టాలు అడగవచ్చు.