తలుపుకి అటూ ఇటూ

గోడకి ఆనుకుని నిలబడండి. దారికి అడ్డం వస్తే స్ట్రెచర్ చక్రం మీ పాదం మీంచే పోతుంది. రాత్రి ఒంటిగంటన్నర దాటింది. కోస్తాలో ఒక జిల్లా పెద్దాసుపత్రి, క్యాజువాలిటీ. ఏ ఊరిదన్నది అనవసరం. పక్క జిల్లాకి వెళ్లినా ఇదే వరండా, ఇదే ఫినాయిలు వాసన. లోపల ఆరు మంచాలు, తొమ్మిది మంది పేషెంట్లు. బయట ఒకే ఒక్క బెంచీ. దాని మీద ఎవరో నిండా దుప్పటి కప్పుకుని పడుకున్నారు. మిగతా జనమంతా మెట్ల మీద, నేల మీద, స్టాండు వేసిన మోటారుసైకిళ్ల మీద.

తలుపు దగ్గరున్న సెక్యూరిటీ ఆయనకి అరవై దగ్గర పడ్డాయి. ఏజెన్సీ మనిషి. యూనిఫాం చొక్కా ఆయన కొలతది కాదు, భుజాలు జారుతోంది. మెడలో ఒక విజిల్, అంతే. గేటు పక్కన పోలీసు ఔట్‌పోస్టులో లైటు వెలుగుతోంది కానీ కానిస్టేబులు యాక్సిడెంటు కేసు కాయితాలు పట్టుకుని మార్చురీ వైపు వెళ్లాడు. లోపల ఒక హౌస్ సర్జన్ అమ్మాయి, ఇద్దరు సిస్టర్లు, ఒక ఎంఎన్‌ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ). ఐసీయూ నుంచి పిలుపొస్తే డ్యూటీ డాక్టరు ఇప్పుడే మెట్లెక్కాడు.

108 వచ్చింది. వెనకాలే రెండు ఆటోలు, ఒక బైకు. వెనక తలుపు తెరవగానే ఒకాయన పాదాలు కనిపిస్తాయి, మట్టి కొట్టుకుపోయిన మడమలు. యాభై ఉంటాయి. స్ట్రెచర్‌తో పాటు ఎనిమిది మంది లోపలికి తోసుకొచ్చారు. తలుపు మూసేసరికి నలుగురు లోపలే ఉండిపోయారు.

మీరు బయటే ఉండండి. ఆటోలో వచ్చిన ఆడవాళ్లు చెప్పుకుంటున్నది వినండి. ఎనిమిదింటికి గుండెల్లో మంటన్నాడు. గ్యాసేమోనని సోడా తాగించారు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేశాడు. తగ్గలేదు. టౌన్లో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీశారు, డబ్బు కట్టించుకున్నారు, గంటన్నర ఉంచుకున్నారు, ఆనక ‘పెద్దాసుపత్రికి పట్టుకెళ్లిపోండి’ అన్నారు. ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఐదు గంటలుగా ఈ ఇంటివాళ్లకి పూర్తిగా ఒక్క మాటంటూ చెప్పినవాళ్లు లేరు. దారి పొడుగునా కూడిన ఆ కోపం ఇక్కడ, ఈ తలుపు ముందు దిగింది.

ఇప్పుడు లోపలికి రండి. నాడి లేదు. హౌస్ సర్జన్ చిన్న స్టూలెక్కి ఛాతీ మధ్యలో రెండు చేతులు పెట్టి నొక్కుతోంది. నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు, ప్రతిసారీ ఐదు సెంటీమీటర్ల లోతుకి. అంత గట్టిగా నొక్కితే ఒక్కోసారి పక్కటెముక విరుగుతుంది. విరిగినా ఆపకూడదు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, ఇక్కడ మారడానికి ఎంఎన్‌ఓ ఒక్కడే ఉన్నాడు. తలుపు సందులోంచి చూస్తున్న ఎర్రచొక్కా కుర్రాడికి ఇదంతా వేరేలా కనిపిస్తోంది.

‘గుద్దేస్తన్నార్రా మా బాబాయిని! పీక్కూడా పిసికేస్తన్నారు!’

తలుపు మీద అరచేత్తో ఒక దెబ్బ. అద్దం గలగలమంది.

ఇలాంటి రాత్రుల గురించి మర్నాడు పేపర్లో వచ్చే వార్త ఇక్కణ్ణుంచి మొదలవుతుంది: బంధువుల ఆందోళన, అద్దాలు ధ్వంసం, జూడాల (జూనియర్ డాక్టర్ల) సమ్మె. 2020 జూన్‌లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో అంతే. కొవిడ్‌తో ఒకరు చనిపోతే బంధువులు జూనియర్ డాక్టరు మీద చెయ్యిచేసుకున్నారు, జూడాలు రోడ్డెక్కారు. ఆ వార్తల్లో దెబ్బకి ముందు గంట ఎప్పుడూ ఉండదు. మీరిప్పుడు నిలబడ్డది ఆ గంటలోనే.

పెద్ద సిస్టర్ గ్లౌజులు తీసేసి బయటికొచ్చింది. తలుపు వెనక దాక్కుని కాదు, రెండడుగులు ముందుకొచ్చి, చేతులు కనపడేలా. ‘అరవకండి’ అనలేదు. ‘సైలెంట్‌గా ఉండండి’ అని కూడా అనలేదు.

‘పేషెంటుకి దగ్గరివాళ్లెవరండీ?’

ఒక నిమిషం అందరూ దగ్గరివాళ్లే. తర్వాత తలపాగా పెద్దాయన ముందుకొచ్చాడు. ‘నేనమ్మా. బావమరిదిని.’

‘ఏమండీ, వచ్చేసరికే గుండె ఆగిపోయి ఉంది. మళ్లీ కొట్టుకుంటుందేమోనని ఛాతీ మీద నొక్కుతున్నారు. చూడ్డానికి గుద్దుతున్నట్టే ఉంటుంది. గొంతులో పెట్టింది గాలి గొట్టం. మీరొక్కరు నాతో లోపలికి రండి, పక్కన నిలబడి చూద్దురుగాని. ఎలా ఉన్నదీ పది నిమిషాల్లో మళ్లీ నేనే వచ్చి వీళ్లకి చెప్తాను.’

పది నిమిషాలంటే పది నిమిషాలకే వచ్చింది. ఎవరూ నేర్పకుండా వచ్చే విద్య కాదిది. మన కాలేజీల్లో ఎముకల పేర్లు నేర్పినంత శ్రద్ధగా దీన్ని నేర్పరని నా ఫిర్యాదు. 2019 నుంచి ఎంబీబీఎస్ సిలబస్‌లో మాట్లాడే తీరు కూడా చేర్చారు, మంచిదే. కానీ తిట్లు ముందు తగిలేది సిస్టర్‌కి, ఎంఎన్‌ఓకి, ఆ సెక్యూరిటీ ఆయనకి.

కుర్రాడు మాత్రం ఆగలేదు. పెద్దాయన వెనకాలే తలుపు తోసుకుని దూరాడు. సారా వాసన ముందొచ్చింది, ఆ వెనక మనిషి. ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. ‘చచ్చిపోయినోణ్ణి పెట్టుకుని నాటకాలాడతన్నారు! ఠాగూర్ సినిమాలో చూళ్లేదేంటి!’ 2003లో వచ్చిన ఆ సినిమాలో శవానికి వైద్యం చేసి బిల్లు వేసే సన్నివేశానికి హాల్లో ఈలలేశాం, నేనూ వేశాను. బిల్లే లేని ఈ క్యాజువాలిటీలో అది ఇంకా ఆడుతోంది.

సెక్యూరిటీ ఆయన కుర్రాడికి ఎదురు వెళ్లలేదు, పక్కకి వెళ్లి నిలబడ్డాడు. చిన్న సిస్టర్ ఎవరి కంటా పడకుండా డ్రెస్సింగ్ ట్రేని సొరుగులోకి తోసి మూసేసింది. అందులో కత్తెరలున్నాయి. కేరళ కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో 2023 మే 10 తెల్లవారుజామున, కాలి గాయానికి కట్టు కట్టించడానికి పోలీసులు తెచ్చిన మనిషి కత్తెర అందుకునే ఇరవై మూడేళ్ల హౌస్ సర్జన్ వందనా దాస్‌ని పొడిచి చంపాడు. పోలీసులు అదే ఆవరణలో ఉన్నారు. కేరళ ప్రభుత్వం ఆ నెల్లోనే చట్టం బిగించింది, తర్వాత ఆసుపత్రుల్లో కోడ్ గ్రే అని ఒక పద్ధతి తెచ్చింది: గొడవ వాసన రాగానే ఎవరు ఎవరిని పిలవాలి, పేషెంట్లని ఎటు తప్పించాలి అన్నది ముందే రాసి పెట్టుకోవడం. మన చిన్న సిస్టర్ ఆ కాయితం చూడలేదు. ఆమెకి గుర్తున్నది కత్తెర.

‘బాబూ, నీ పేరేంటి?’ అంది పెద్ద సిస్టర్. కుర్రాడు తడబడ్డాడు, పేరు చెప్పాడు. ‘మీ పిన్ని బయట ఒక్కతే కూర్చుంది. ఆవిడకి ఇప్పుడు ఎవరో ఒకరు తోడుండాలి. నువ్వు వెళ్తావా?’ ఫోను దిగడానికి కొంతసేపు పట్టింది. దిగింది. అన్నిసార్లూ దిగదు. ఈ మాటలే మంత్రమని ఎవరైనా చెబితే నమ్మకండి. పక్కన ఇంకో ఇద్దరు తాగి ఉంటే ఈ కథ వేరు. అందుకే రాత్రిపూట ఒక్క ముసలాయన్ని తలుపు దగ్గర పెట్టి భద్రత అనిపించుకోవడం నాకు మింగుడుపడదు.

ఈలోగా నాలుగో మంచం మీదాయన లేచి కూర్చున్నాడు. అతని గురించి ఎవరూ భయపడలేదు, తాలూకు మనుషులే లేరు. మూడ్రోజులై తాగుడు మానేసి వణుకుతూ వచ్చాడు. కళ్లు గోడ మీద ఏవో పాకుతున్నట్టు తిరుగుతున్నాయి. సెలైన్ సూది పీకేశాడు. ఇలాంటి మనిషి చెయ్యి విసిరితే అది కోపంతో విసిరింది కాదు, రోగం. 2024 ఆగస్టులో తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఒక పేషెంటు జూనియర్ డాక్టర్‌ని జుట్టు పట్టుకుని తలని మంచం ఇనుప చట్రానికేసి కొట్టాడు. మూర్ఛ వచ్చిందని తీసుకొస్తే వైద్యం చేస్తున్న వార్డులోనే. మూర్ఛ తర్వాత అయోమయంలో ఉన్నవాడు, తలకి దెబ్బ తగిలినవాడు, సుగర్ పడిపోయినవాడు ఎదుటివాళ్లు ఎవరో కూడా పోల్చుకోలేడు. వాడికి చట్టం చదివి వినిపించి లాభం లేదు. ఎంఎన్‌ఓ కాళ్లవైపు నుంచి వెళ్లాడు, తలవైపు నుంచి కాదు. నిద్రమందు పడింది.

రెండు గంటల పది. హౌస్ సర్జన్ చేతులు తీసేసింది. మానిటర్‌లో గీత కదల్లేదు. పైనుంచి డ్యూటీ డాక్టర్ దిగొచ్చి చూసి, టైము రాశాడు.

చెప్పడం ఇక్కడ కాదు. సెలైన్ పెట్టెలు పేర్చిన పక్కగదిలోకి భార్యని, బావమరిదిని, కుర్రాణ్ణి తీసుకెళ్లారు. కుర్చీలు రెండే, ఆ రెండూ వాళ్లకే. హౌస్ సర్జన్ మెళ్లోంచి స్టెతస్కోపు తీసి జేబులో పెట్టుకుంది. పట్టుకుని లాగడానికి అదొక తాడు. గుమ్మానికి దగ్గరగా తను నిలబడింది. లోపలికి వెళ్లకముందే పెద్ద సిస్టర్ శవాన్ని ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనానికి ఫోన్ చేసి ఉంచింది.

‘అమ్మా, ఇందాక పరిస్థితి బాగోలేదని సిస్టర్ చెప్పారు కదా. అరగంట పైగా ప్రయత్నించాం. మీ ఆయన చనిపోయారమ్మా.’

ఆమె అరిచిన అరుపు మీరు చాలాకాలం మర్చిపోరు. డాక్టర్లు కదల్లేదు, ఇంకేమీ మాట్లాడలేదు. కాసేపటికి కుర్రాడే అడిగాడు, గొంతు మళ్లీ పైకి లేస్తూ, ‘పోస్టుమార్టం అంటారా ఇప్పుడు? కోస్తే ఊరుకోం!’ డ్యూటీ డాక్టర్ ప్రైవేటు ఆసుపత్రి ఈసీజీ కాయితం దీపం కింద పెట్టి చూపించాడు. ‘ఇదిగో, ఇది గుండెపోటే. దీన్ని బట్టి సర్టిఫికెట్ రాస్తాను. కొయ్యాల్సిన పన్లేదు.’ ఆ కాయితం ఇంతసేపూ కుర్రాడి జేబులోనే ఉంది.

వాళ్లు సర్దుకునే లోపు వరండాలో ఆ బోర్డు చదవండి. ఫ్యాను వెనక, ట్యూబ్‌లైటు అందని చోట కొట్టారు. 2008 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం. ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, బెయిలు రాని కేసు, పగలగొట్టిన సామానుకి రెట్టింపు వసూలు. విభజన తర్వాత తెలంగాణలోనూ ఇదే. 2020లో కొవిడ్ వేళ అంటువ్యాధుల చట్టాన్ని సవరించి, పెద్ద గాయమైతే ఏడేళ్ల దాకా జైలు అన్నారు. అది అంటువ్యాధి ఉన్నప్పుడు పనికొచ్చే చట్టం. 2024 ఆగస్టులో దాడి జరిగిన ఆరు గంటల్లో ఆసుపత్రి పెద్దే ఫిర్యాదు చెయ్యాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఇదివరకు దెబ్బతిన్న సిస్టరే స్టేషన్ మెట్లెక్కి, ఒంటరిగా రాజీ మాటలు వినాల్సొచ్చేది కాబట్టి ఈ ఉత్తర్వు విలువైనదే. అయినా ఇవన్నీ దెబ్బ పడ్డాక నడిచే గడియారాలు.

నాలుగింటికి హౌస్ సర్జన్ కాసేపు నడుం వాల్చాలి. డ్యూటీ రూము వరండా చివర, లైటు లేని మలుపులో. బోల్టు ఊడి వేలాడుతోంది. ఆమె లోపలికి వెళ్లి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకున్న చప్పుడు మీకు వినిపిస్తుంది. కోల్‌కతా ఆర్జీకర్ ఆసుపత్రిలో 2024 ఆగస్టు 9న హత్యకి గురైన పీజీ డాక్టర్ పడుకోవడానికి వెళ్లింది సెమినార్ హాల్లోకి. ఆ నెల 20న సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. ఈ బోల్టుకి టాస్క్‌ఫోర్స్ అక్కర్లేదు, వడ్రంగి చాలు.

తెల్లారింది. వరండాలో టీ వాసన. ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) రౌండుకొచ్చాడు.

‘రాత్రి ఏమైనా గొడవాండీ?’

‘అయ్యేదే సార్. రిజిస్టర్లో రాశాను,’ అంది పెద్ద సిస్టర్.

‘ఎవరికీ దెబ్బ తగల్లేదుగా? మరెందుకు రాయడం?’

‘ఈ నెల్లో ఇది మూడోసారి సార్. మూడూ ఒంటిగంటకీ మూడింటికీ మధ్యే. ఆ టైముకి సెక్యూరిటీ ఇంకొకళ్లు కావాలి. బయట బెంచీలు కావాలి. డ్యూటీ రూముకి బోల్టు.’

ఆర్‌ఎంఓ నిలబడే మూడు ఎంట్రీలూ వెనక్కి తిప్పి చదివాడు. బోల్టు దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశాడు. సెక్యూరిటీ సంగతి ఏజెన్సీతో మాట్లాడాలన్నాడు. బెంచీలకి ఇండెంటు వేరే రాయమన్నాడు. సిస్టర్ అప్పటికే రాసి ఉంచిన కాయితం రిజిస్టర్ కిందనుంచి తీసింది.