పాత మారుతి 800 ఏసీలో ఏ గ్యాస్ కొట్టించాలి? దాని వెనక వందేళ్ళ కథ

ఈ ఎపిసోడ్ గ్యాస్ గురించి. వంట గ్యాస్ కాదు, కారు ఏసీలో కొట్టించే గ్యాస్. వంట గ్యాస్ కూడా మధ్యలో కథలోకి వస్తుంది. అసలు ఈ వీడియో చేయడానికి కారణమే అది.

మాది బేస్తవారిపేట. మా పశ్చిమ ప్రకాశం ఎండ తెలిసినవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట: ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం పన్నెండు దాటాక రోడ్డు మీద కుక్క కూడా కనపడదు. మా ఇంట్లో 1994 మోడల్ మారుతి 800 ఏసీ బండి ఉంది. నాన్న 2001లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నాన్న ఇప్పుడు లేడు, బండి ఉంది. అమ్మకి రెండేళ్ళుగా డయాలసిస్. వారానికి రెండుసార్లు మార్కాపురం తీసుకుపోవాలి. పొద్దున పోయేటప్పుడు పర్వాలేదు, తిరిగొచ్చేది మిట్టమధ్యాహ్నం. డయాలసిస్ అయి వచ్చే మనిషికి నీరసం, ఒక్కోసారి బీపీ పడిపోయి ఉంటుంది. ఎంత దాహమేసినా నీళ్ళు కొలిచి తాగాలి. ఆ టైంలో ఏసీ లేని కారంటే ఏంటో ఒకసారి ఊహించుకోండి. కొత్త కారు కొనచ్చు కదా అని కామెంట్ పెట్టబోతున్నవాళ్ళకి నా సమాధానం ఒకటే, కొనలేను.

మొన్న మార్చిలో ఒక షాపుకి తీసుకుపోయా. ఏ ఊరో, ఏ షాపో చెప్పను. ఆయన బానెట్ ఎత్తి స్టిక్కర్ చూసి నవ్వాడు. "ఇది ఆర్-12 బండి తమ్ముడూ, ఆ గ్యాస్ ఎప్పుడో పోయింది. ఎల్పీజీ కొడతా, ఐసుగడ్డలాగా ఉంటది, ఎనిమిది వందలియ్యి చాలు" అన్నాడు. మూలన చూస్తే ఎర్ర సిలిండర్. మన ఇళ్ళల్లో ఉంటుందే, అదే. ఆలోచించుకుని వస్తానని బండి వెనక్కి తిప్పా. ఆ రాత్రి మొదలుపెట్టిన చదువుడే ఈ ఎపిసోడ్.

ముందు, ఏసీలో గ్యాస్ ఏం చేస్తుంది? కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో అదే లెక్క. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. ఏసీలో ఆ ఆవిరిని పోనివ్వకుండా పట్టుకుని, కంప్రెసర్‌తో నొక్కి, ముందున్న కండెన్సర్‌లో వేడి బయటికి వదిలేసి, మళ్ళీ ద్రవం చేస్తాం. అదే గ్యాస్ తిరుగుతూనే ఉంటుంది. "గ్యాస్ అయిపోయింది" అని మనం అంటాం గానీ, అది పెట్రోలులాగా అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందని అర్థం. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

వందేళ్ళ కింద ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవాళ్ళు. మూడూ విషాలే. లీకైతే నిద్రలోనే మనుషులు పోయేవాళ్ళు. బెర్లిన్‌లో ఒక కుటుంబం అట్లా చనిపోయిందని పేపర్లో చదివి ఐన్‌స్టీన్ కదిలిపోయాడట. ఆయనా, లియో సిలార్డ్ అనే శాస్త్రవేత్తా కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ ఒకటి తయారుచేసి పేటెంట్ కూడా తీసుకున్నారు. అది బజారుకి రాలేదు.

వచ్చింది ఇంకొకటి. 1928లో అమెరికాలో జనరల్ మోటార్స్ కోసం థామస్ మిడ్‌గ్లీ, ఆయన బృందం ఒక గ్యాస్ కనిపెట్టారు. డైక్లోరో డైఫ్లోరో మీథేన్. అంటుకోదు, విషం కాదు, వాసన లేదు, మైనస్ 30 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 1930లో కెమిస్టుల సభలో మిడ్‌గ్లీ ఆ గ్యాస్‌ని గుండెల నిండా పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊదాడు. కొవ్వొత్తి ఆరిపోయింది. విషమూ కాదు, మంటా రాదు అని ఒక్క ఊపిరితో చూపించాడు. ఇప్పుడైతే రీల్ చేసి కోటి వ్యూస్ కొట్టేవాడు. అదే ఫ్రియాన్, అదే ఆర్-12, అదే మా బండి స్టిక్కర్ మీద ఉన్నది.

ఈ మిడ్‌గ్లీ అంతకుముందే పెట్రోలులో సీసం కలిపే పద్ధతి కనిపెట్టినవాడు. ఒకే మనిషి రెండుసార్లు భూమి మొత్తం గాలిని మార్చేశాడు. నాకైతే ఆయన్ని తిట్టాలనిపించదు. ఆర్-12 విషయంలో ఆయన ఆపాలనుకున్నది విషవాయువు చావుల్ని, ఆపాడు కూడా. సీసం సంగతి వేరు. అది విషమని ఆయనకి తెలుసు, ఆయనకే ఒంట్లో ఎక్కింది.

కారులో ఏసీ మొదటిసారి అమ్మింది ప్యాకార్డ్ కంపెనీ, 1940 మోడళ్ళలో. సగం డిక్కీ దానికే సరిపోయేది. ఆపాలంటే ఇంజిన్ ఆపి, దిగి, బెల్టు ఊడదీయాలి!

తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా ఎవరికీ అనుమానం రాలేదు. 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ అని ఇద్దరు ఒక పేపర్ రాశారు. ఈ గ్యాస్ దేనితోనూ కలవదు కాబట్టి కింద కరిగిపోదు, మెల్లగా పైకి పోతుంది, అక్కడ ఎండకి విరిగి క్లోరిన్ వదులుతుంది, ఆ క్లోరిన్ ఓజోన్‌ని తింటుంది అన్నారు. ఒక్క క్లోరిన్ పరమాణువు దాదాపు లక్ష ఓజోన్ అణువుల్ని తినగలదని లెక్క. కంపెనీలు ఒప్పుకోలేదు. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికా పైన ఓజోన్‌కి పెద్ద తూటు పడిందని చూపించాక మాటలు ఆగిపోయాయి. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1995లో మొలీనా, రోలాండ్, పాల్ క్రుట్జెన్‌లకి నోబెల్ వచ్చింది.

మన దేశం వెంటనే సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టాలి? పాడుచేసింది వాళ్ళు, మన ఊళ్ళల్లో అప్పటికి ఫ్రిజ్ అంటే పెళ్ళిలో కట్నం కింద చెప్పుకునే వస్తువు. 1990 లండన్ సమావేశంలో మేనకా గాంధీ పర్యావరణ మంత్రిగా వెళ్ళి, డబ్బూ టెక్నాలజీ ఇస్తేనే చేరతామని గట్టిగా నిలబడింది. చైనా కూడా అదే పట్టు. పేద దేశాల కోసం ఒక నిధి పెట్టాక, 1992లో మనం చేరాం. తలకి 0.3 కిలోల లోపు వాడే దేశాలకి పదేళ్ళ గడువు కూడా దొరికింది. ఆ గడువులో పుట్టిన బండే మాది. 1994లో అమెరికాలో కొత్త కార్లకి ఆర్-134ఎ వచ్చేసింది, ఇక్కడ ఇంకా ఆర్-12తోనే వస్తున్నాయి. 2000లో మన ఓజోన్ రూల్స్ వచ్చాయి. 2008 ఆగస్టు నాటికి ఇక్కడ ఈ గ్యాస్ తయారీ ఆగిపోయింది.

ఇక మా బండి ముందు ఉన్న దారులు ఏంటో చూద్దాం.

పాత స్టాకు ఆర్-12 ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగా. దొరుకుతుందన్నవాళ్ళు ఉన్నారు, డబ్బాలో ఏముందో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఒకాయన ఆర్-22 కొడతానన్నాడు, ఇంటి ఏసీల్లోది. ఇది అస్సలు వద్దు. మన ఎండకి కండెన్సర్ 60 డిగ్రీలు అందుకుంటుంది. అక్కడ ఆర్-12 ఒత్తిడి 15 బార్ దగ్గరుంటే ఆర్-22ది 24. ముప్పై ఏళ్ళ పైపులు, ఒకటిన్నర రెట్లు పైన ఒత్తిడి. పైపు పగిలితే అదృష్టం, చేతికో కంటికో తగిలితే?

ఎల్పీజీ సంగతి కొంచెం నిదానంగా చెప్తా, ఎందుకంటే ఆ షాపాయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే చల్లగా ఉంటుంది. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ చాలా మంచి శీతలకాలు. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న కొత్త ఫ్రిజ్ వెనక ఆర్-600ఎ అని రాసి ఉంటే, అది ఐసోబ్యూటేనే. గోద్రెజ్ 2012లో ప్రొపేన్‌తో ఇంటి ఏసీలు అమ్మడం మొదలుపెట్టింది. మరి కారులో ఏంటి ప్రాబ్లం? ఫ్రిజ్‌లో ఉండేది కొద్ది గ్రాములు, అతుకులన్నీ సీలు చేసి ఉంటాయి, కదలకుండా మూలన ఉంటుంది. కారులో కొన్ని వందల గ్రాములు, రబ్బరు పైపులు, గుంతల రోడ్డు, పక్కనే కాలుతున్న ఇంజిన్. పైగా కూలింగ్ కాయిల్ ఉండేది డ్యాష్‌బోర్డ్ లోపల, మన మోకాళ్ళ ముందు. అక్కడ లీకైతే గ్యాస్ వచ్చేది అద్దాలు మూసిన క్యాబిన్‌లోకే. గాలికన్నా బరువు కాబట్టి కింద పేరుకుంటుంది. వంట గ్యాస్‌లో తేమ ఉండచ్చు, ప్రొపేన్ ఎంత బ్యూటేన్ ఎంత అన్నది ఒక సిలిండర్‌కీ ఇంకోదానికీ మారుతుంది. వెనక సీట్లో మా అమ్మ కళ్ళు మూసుకుని పడుకుని ఉంటుంది. ఎనిమిది వందలకి ఆ పని నేను చేయలేకపోయా.

మిగిలింది ఆర్-134ఎ. కొత్త కార్లలో వచ్చే ఆర్-1234వైఎఫ్ పాత బండికి అనవసరం, ఖరీదు కూడా ఎక్కువ.

అయితే 134ఎ ఊరికే కొట్టించేది కాదు. పాత బండి కంప్రెసర్‌లో ఉండేది మినరల్ ఆయిల్, 134ఎ దాంతో కలవదు. కలవకపోతే నూనె కాయిల్‌లోనే ఉండిపోయి కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది. అందుకని పాత నూనె తీసేసి ఎస్టర్ ఆయిల్ పోయాలి. డ్రయ్యర్ మార్చాలి, ఓ-రింగులు మార్చాలి. ఈ గ్యాస్ అణువు చిన్నది, పాత రబ్బరు పైపుల్లోంచి కూడా జారిపోతుంది, కాబట్టి లోపల పొర ఉన్న పైపులు వేయాలి. అరగంటకి తక్కువ కాకుండా వాక్యూమ్ పెట్టాలి. స్టిక్కర్ మీద రాసిన బరువులో 80 నుంచి 90 శాతమే ఎక్కించాలి. ఎక్కువ కొడితే ఎక్కువ చల్లదనం అనుకుంటారు చాలామంది, ఉల్టా అవుతుంది.

గ్యాస్ కొనేటప్పుడు కూడా జాగ్రత్త. 2011లో వియత్నాంలో, బ్రెజిల్‌లో ఓడల మీద పోయే శీతల కంటైనర్లు పేలి ముగ్గురు చనిపోయారు. 134ఎ పేరుతో అమ్మిన గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ కలిపారు, అది అల్యూమినియంతో కలిసి పేలింది. చూడండి, 1920ల్లో జనాన్ని చంపిన పాత విషమే, దొంగదారిలో మళ్ళీ వచ్చింది. ఒక చిన్న పరీక్ష ఉంది: సిలిండర్‌ని నీడలో చాలాసేపు ఉంచి గేజ్ పెడితే, 35 డిగ్రీల దగ్గర అసలు 134ఎ సుమారు 114 పీఎస్ఐ చూపించాలి. బాగా తేడా ఉంటే కొనద్దు. సరిగ్గా ఉన్నంత మాత్రాన నూటికి నూరు అసలుదని కాదు, కానీ పిచ్చి మోసం పట్టుబడుతుంది.

మార్కాపురంలో ఒక భాయ్ దొరికాడు, పెద్దాయన. నేను చెప్పేవన్నీ విని, "ఇన్ని ఎవరూ అడగరు బేటా, గ్యాస్ కొట్టి పంపమంటారు" అన్నాడు. మూడు రోజులు పట్టింది, 14 వేలు అయింది. కండెన్సర్ కూడా కొత్త రకం వేయించా, ఎందుకంటే బాగా ఎండలో 134ఎ ఒత్తిడి ఆర్-12 కన్నా కొంచెం ఎక్కువ, పాత కండెన్సర్ అంత వేడి వదల్లేదు. బండి పోతుంటే బాగా చల్లగా ఉంటుంది. రైల్వే గేటు దగ్గర ఆగితే మాత్రం తగ్గిపోతుంది, అది దాచను.

134ఎ కూడా శాశ్వతం కాదు. ఓజోన్‌కి ఏమీ చేయదు గానీ, కిలోకి కిలో లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. 2016లో రువాండా రాజధాని కిగాలీలో దీన్నీ తగ్గించాలని ఒప్పుకున్నారు. మన దేశం 2021లో ఆమోదించింది, 2047 నాటికి ఇలాంటి గ్యాస్‌ల వాడకం 85 శాతం తగ్గాలి. అప్పటికి ఎవరో పిల్లాడు మీ ఇప్పటి కారు పక్కన నిలబడి ఇదే వీడియో చేస్తాడేమో.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. భాయ్ బానెట్ లోపల తుడుస్తుంటే తెల్ల పెయింట్‌తో రాసిన తేదీలు బయటపడ్డాయి, నాన్న రాత. 2002 ఏప్రిల్, 2003 ఏప్రిల్, 2004 మార్చి, 2005, 2006. గ్యాస్ కొట్టించిన ప్రతిసారీ రాసుకున్నాడు. లీకు ఎక్కడో ఎవరూ చూడలేదు, ప్రతి ఎండాకాలం నింపారు, ప్రతి ఏడూ అది గాలిలోకి పోయింది. ఆర్-12 గాలిలో వందేళ్ళ దాకా ఉంటుంది. అంటే నాన్న కొట్టించినదాంట్లో ఎక్కువ భాగం ఇంకా మన పైనే ఉంది. కంభం, గిద్దలూరు రోడ్డుల మీద అమ్మానాన్నా నేనూ అద్దాలు మూసుకుని తిరిగిన చల్లదనం అది.

ఆ తేదీల కింద నేను కూడా రాశా: ఆర్-134ఎ, ఎస్టర్ ఆయిల్, 2025 ఏప్రిల్. తర్వాత బానెట్ ఎత్తేవాడు పాత స్టిక్కర్ చూసి ఇంకేదో కలిపేయకుండా.