నేరం ఆకాశానిదేనా?

భూతాపం మాట వచ్చినప్పుడల్లా మన సభలలో రెండు ధోరణులు కనబడుతున్నవి. "ఇది కడుపు నిండిన దేశాల చింత. తాగునీటికే దిక్కులేని సీమకు యీ బెంగ అరువు బెంగ" అనేది ఒకటి. "ముప్పు అందరికీ వచ్చింది. తప్పు అందరం చేశాం. కాబట్టి అందరం సర్దుకోవాలి" అనేది రెండవది. మొదటిది ఉపాధ్యాయుల నోటా, ఉద్యమాలలో పనిచేసేవారి నోటా వినబడుతుంది. రెండవది ప్రభుత్వ ప్రకటనలలో నిత్యం చదువుతున్నాం. ఈ రెండూ పొరపాటేనని తెలుసుకోడానికి కర్నూలు, కడప జిల్లాల చరిత్ర చాలు. ఆకాశాన్ని గురించి చింతించటమూ, చింతించకపోవటమూ కూడా పాలకుల చేతిలో పనిముట్లయిన తీరు ఆ చరిత్రలో వున్నది.

వాన నమ్మరానిదని సీమ రైతుకు యెవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు రెండేళ్ళు పనిచేశారని అందులో వున్నది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలూ, చెరువుకు వచ్చే ఆరు దోషాలూ కూడా వివరంగా చెప్పారు. ఆ పన్నెండింటిలో జలశాస్త్రం తెలిసిన పండితుడూ ఒక అంగమే. ఇందువల్ల ఆ కాలం స్వర్ణయుగమని అనబోవటం లేదు. మట్టి మోసిన వెయ్యిమంది పేర్లు శాసనానికి యెక్కలేదు, దాత పేరు యెక్కింది. కాని ఒక సంగతి గమనించాలి. వాన కురవటం మనుషుల చేతిలో లేదు, కురిసిన వానను నిలుపుకోవటం మాత్రం మనుషుల చేతిలోనే వున్నదని ఆనాటి సమాజానికి తెలుసు.

ఈ తెలివి 1876 నాటికి యేమయింది? 1800లో నిజాం దత్తత చేసిన కడప, బళ్ళారి ప్రాంతాలూ, 1839లో నవాబు నుంచి లాక్కున్న కర్నూలూ అప్పటికి తెల్లదొరల పాలనలో నలిగివున్నవి. ఆ యేడు వానలు తప్పినవి. మరుసటి యేడూ సరిగా రాలేదు. తెలుగువారు దానిని ధాత కరువన్నారు. 1871 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా జనం సుమారు 9 లక్షల 14 వేలు, 1881లో 6 లక్షల 78 వేలు. అంటే నాలుగోవంతు మనుషులు తరిగిపోయారు. కొందరు చచ్చారు, కొందరు వలసపోయారు. పుట్టవలసినవారు పుట్టలేదు. కడపలో తరుగు సుమారు ఆరోవంతు.

సరిగ్గా ఆ రోజులలోనే, 1877 జనవరి 1న, ఢిల్లీలో దర్బారు చేసి విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. ధాన్యం వర్తకంలో సర్కారు వేలు పెట్టరాదన్నది వైస్రాయి లిట్టన్ సిద్ధాంతం. ఖర్చు తగ్గించడానికి ఆయన పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1874లో బీహారు కరువులో బియ్యం తెప్పించి జనాన్ని కాపాడాడు. డబ్బు దుబారా చేశాడని పైవారు అతన్ని చీవాట్లు పెట్టారు. ఆ పాఠం వంటబట్టించుకుని మద్రాసు వచ్చినవాడు కరువు పనిలో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యమూ, దానిమీద చిల్లర డబ్బులూ చాలునన్నాడు. కష్టం చేసే మనిషి ఆ తిండితో బతకలేడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ వాదించాడు. అతనూ తెల్లవాడే, అతనూ సర్కారు ఉద్యోగే. అయినా అతను ఆకాశం వైపు చూడలేదు, కూలివాడి డొక్క వైపు చూశాడు.

ఆకాశం వైపు చూసినవారూ వున్నారు. సర్కారు గణాంకశాఖ అధిపతి హంటర్ 1877లోనే దక్షిణాది కరువులకూ, సూర్యునిపై మచ్చలకూ ముడిపెట్టాడు. పదకొండేళ్ళకొకసారి మచ్చలు తగ్గుతవి, మద్రాసులో వాన తగ్గుతుంది, కరువు వస్తుంది అన్నాడు. సూర్యగోళాన్ని పరిశోధించటం తప్పు కాదు. కాని నేరం సూర్యుడిదైతే లిట్టన్‌ను నిలదీసేదెవరు? ధాన్యం ధర పెంచిన వర్తకుణ్ణి అడిగేదెవరు? శిస్తు వసూలు చేసినవాణ్ణి తప్పుపట్టేదెవరు? కరువులో మొదట కూలేది భూమిలేని వ్యవసాయ కూలీలేననీ, వారికి పనీ డబ్బూ లేకపోవటమే అసలు సమస్య అనీ 1880లో కరువు కమిషనే ఒప్పుకున్నది.

ఇక రెండవ ధోరణికి పూర్వరూపం అడవుల కథలో కనబడుతుంది. చెట్లు నరికితే వానలు తగ్గుతవని మద్రాసు రాజధానిలో యెడ్వర్డ్ బాల్ఫర్ అనే వైద్యుడు 1840ల నుంచే వాదించాడు. శీతోష్ణస్థితిని మనిషి చెరుపుతున్నాడన్న భయం మన దేశంలో అంత పాతది. ఆ భయంలో నిజం లేకపోలేదు. అడవి పోతే నేల కోసుకుపోతుంది, ఊట తగ్గుతుంది. కాని ఆ భయాన్ని చేతికి తీసుకున్నది రైల్వేలకు పట్టాల దిమ్మెలూ, బొగ్గూ కావలసిన సర్కారు. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. నల్లమల, పాలకొండ, శేషాచలం రిజర్వు అడవులైనవి. చెంచు కుటుంబం తన అడవిలోనే నేరస్తురాలైనది. పశువులను తోలితే పుల్లరి కట్టాలి, కట్టెకు జుల్మానా. రైలు కొయ్య నరికిన గొడ్డలికి లేని శిక్ష నాగలికొయ్య నరికిన రైతుకు పడింది. 1921-22లో గుంటూరు జిల్లా పల్నాడుతోపాటు కడప జిల్లా రాయచోటి తాలూకాలోనూ అడవి సత్యాగ్రహం లేచింది ఇందుకే. ఆ ప్రజలు అడవికి శత్రువులు కారు. అడవి పేరు చెప్పి తమ నోటి ముందు కూడు లాక్కున్నవారికి శత్రువులు.

కాబట్టి 1877లో "చేసేదేమీ లేదు" అన్న వాదం పాలకులకు పనికివచ్చింది. 1882లో "వెంటనే చెయ్యాలి" అన్న వాదమూ వారికే పనికివచ్చింది. చింత వున్నదా లేదా అనేది కాదు ప్రశ్న. ఆ చింత ఖర్చు యెవరి నెత్తిన పడింది అన్నదే ప్రశ్న.

ఇక్కడ మన సంగతి కూడా విమర్శించుకోవాలి. అభ్యుదయ రచయితల సంఘం తెనాలిలో పుట్టిన 1943 వంగ కరువు సంవత్సరమే. కరువు దైవికం కాదు, మానవకృతం అని ఆ తరం నేర్చుకున్నది, నేర్పింది. 1950ల తొలి సంవత్సరాలలో సీమలో గంజి కేంద్రాలు వెలసినప్పుడు ఆ పాఠమే వారిని నీటి కోసం, కూలి కోసం కదిలించింది. అది గొప్ప పాఠం. కాని దానిలో ఒక మాట మారకుండా వుండిపోయింది. వాన తప్పటం ప్రకృతి, ఆకలి పుట్టటం సమాజం అని మనం గీత గీసుకున్నాం. గీతకు ఇవతల వున్నదే మన పని అనుకున్నాం. ఇప్పుడు ఆ గీత నిలవటం లేదు.

బొగ్గు కాల్చగా వచ్చే బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కించగలదని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్రేనియస్ 1896లోనే లెక్కకట్టాడు. యంత్రయుగానికి ముందు గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళున్న ఆ వాయువు నేడు 420 దాటింది. భూమి సగటున ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. డిగ్రీ వేడి పెరిగితే గాలి సుమారు నూటికి ఏడు పాళ్ళు యెక్కువ తేమను పట్టుకోగలదు. పట్టుకున్నదానిని ఒక్కసారిగా కుమ్మరించనూగలదు. 2009లో దేశమంతటా నైరుతి వాన నూటికి 22 పాళ్ళు తగ్గింది. ఆ కరువు యేడే అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణం మునిగింది. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి దిగువ గ్రామాలు కొట్టుకుపోయినవి. ఏ ఒక్క వరదనో చూపి ఇది భూతాపమే అనటం శాస్త్రం కాదు. గేట్ల నిర్వహణ సంగతి పార్లమెంటులో కూడా చర్చకు వచ్చింది. కాని కుండపోత పెరిగే కాలంలో గేటు మరమ్మతు ఇంకెంత ప్రాణావసరమో ఆలోచించండి. ఆకాశం మారింది కాబట్టి ఇంజనీరూ మంత్రీ నిర్దోషులు కారు. వారి బాధ్యత రెట్టింపైనది.

ఆకాశాన్ని మార్చినవారు యెవరు? భారతీయుడు సగటున యేడాదికి సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు కారణమైతే అమెరికావాడు దానికి ఏడు రెట్లు. మన సగటులో కూడా బంగళాల వారి విమానమూ, కోసిగి నుంచి గుంటూరు మిరప కోతకు పోయే కూలివాని కాలినడకా కలిసిపోయి వున్నవి. బతకడానికి వెలువడే పొగ వేరు, విలాసానికి వెలువడే పొగ వేరు అని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే హెచ్చరించారు. వరి పండించేవాణ్ణీ, కార్లు తోలేవాణ్ణీ ఒకే బోనులో నిలబెట్టే "అందరి తప్పు" సిద్ధాంతానికి ఇంతకంటె సమాధానం అక్కరలేదు.

మరి ప్రజలకు ఈ చింత లేదా? యేల్ విశ్వవిద్యాలయంవారి 2022 సర్వేలో భూతాపం గురించి కొద్దిగానే తెలుసుననీ, వినలేదనీ మనదేశంలో సగానికి పైగా చెప్పారు. అదేమిటో వివరించిన తరువాత పదింట ఎనిమిది మంది తమకు బెంగగా వున్నదన్నారు. మాట తెలియకపోవటం బెంగ లేకపోవటం కాదు. బుడ్డలు విత్తి కార్తెలు లెక్కపెట్టుకునే రైతు, మూడో బోరు కూడా యెండి అప్పు మాత్రం మిగిలిన రైతు, శీతోష్ణస్థితి గురించి ఉపన్యాసాలిచ్చేవాడికంటె యెక్కువ చింతిస్తున్నాడు. అతని చింతకు మన వ్యాసాలలో పేరు లేదు, అంతే.

నేడు కర్నూలు జిల్లాలో 1882 కథ మళ్ళీ మొదలుకాకుండా చూడాలి. గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో 1000 మెగావాట్ల సూర్యవిద్యుత్ క్షేత్రం నిలిచింది. బొగ్గు మానాలంటే అటువంటివి కావాలి, వద్దనటం అవివేకం. కాని ఇటువంటి క్షేత్రం యెక్కడ పెట్టినా పట్టా వున్నవాడికి పరిహారం దొరుకుతుంది. ఆ నేల మీద కూలి చేసినవాడి, గొర్రెలు మేపినవాడి మాటేమిటి? భూగోళాన్ని కాపాడే ఖర్చు మళ్ళీ వారి పద్దులోనే రాస్తారా?

అందుచేత మన పని రెండు విధాలు. ఆకాశం మారుతున్నదని విద్యార్థికి శాస్త్రీయంగా చెప్పాలి. అది మన చింత కాదనే బడాయి మానాలి. ఆకాశం పేరు చెప్పి లిట్టన్ వారసులు తప్పించుకోబోతే దారికి అడ్డం నిలవాలి. చెరువు పూడిక, కౌలురైతుకు పంట బీమా, ఎండలో కూలి వేళలు, కృష్ణా నీటిలో సీమ వాటా, ఇవన్నీ భూతాపం ప్రశ్నలే. వీటిని వదిలిన చింత పెద్దమనుషుల వినోదం. వీటితో ముడిపడిన చింత ప్రజల ఉద్యమం. ధాత కరువులో చచ్చిన లక్షలమందికి అటువంటి ఉద్యమం లేకపోయింది. మనకు ఆ సాకు లేదు.